అంబలి వద్దన్న దినము

పరిచర్య నిమిత్తము కొండ గ్రామాలకు తిరిగేవారికి దారి కంటే భోజనము పెద్ద ప్రశ్న. బయలుదేరే వేళ మన చేతిలో ఉంటుంది గాని, తినే వేళ మన చేతిలో ఉండదు.

విశాఖపట్నములో ఉదయమే బయలుదేరే కిరండోల్ పాసింజరు ఎన్నో సొరంగాలు దాటుతూ కొండలెక్కి అరకు చేరుతుంది. అక్కడి నుండి జీపు, జీపు ఆగిన చోటి నుండి కాలినడక. 2022లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినా, కొన్ని గూడేలకు ఈనాటికీ నడకే దారి. వాన కురిసి గెడ్డ పొంగితే, అది తగ్గే వరకు ఒడ్డున కూర్చోవలసిందే.

నేను షుగరు మాత్రలు వాడతాను. ఒకసారి మాత్ర వేసుకొని, రైలులో రెండు ఇడ్లీలు తిని కొండెక్కాను. మొదటి గ్రామములో ఒక వృద్ధురాలు గుమ్మములోకి చోడి అంబలి తెచ్చి, "ఒక్క ముంత తాగి వెళ్లండి బాబూ" అన్నది. పై గ్రామములో వంట సిద్ధముగా ఉంటుందన్న ధీమాతో "ఇప్పుడొద్దమ్మా" అన్నాను. ఆమె ముఖము చిన్నబోయింది. "మా ఇంటి తిండి తినరు కాబోలు" అంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నా వెనుకే నడిచి వచ్చింది.

ఆ దినము గెడ్డ పొంగింది. రెండు గంటలు ఆగాము. నా చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కళ్లు తిరిగాయి. తోడు వచ్చిన సహోదరుడు తన సంచిలోని బెల్లపు ముక్క నా నోట పెట్టాడు. తేరుకున్నాక మెల్లగా వెనక్కి నడిపించి ఆ తల్లి ఇంటికే చేర్చాడు. ఆమె ఏమీ అనలేదు. అడ్డాకు డొప్పలో అంబలి పోసి, ఉప్పు, పచ్చిమిరపకాయ పక్కన పెట్టింది. మరునాడు పొలానికి పట్టుకెళ్లడానికి ఉంచుకున్నదే నాకు పోసిందని తరువాత తెలిసింది.

ఇల్లు చేరాక డాక్టరుగారు మందలించారు. కొన్ని రకాల షుగరు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వేసుకొని భోజనము తప్పితే ప్రాణము మీదికి వస్తుంది. వణుకు మొదలవగానే మూడు చెమ్చాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మరల తాగాలి. తరువాత అన్నము తినాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ప్రయాణపు రోజులకు మందు వేళను డాక్టరును అడిగే మార్చుకోవాలి.

ఇప్పుడు నా సంచిలో అటుకులు, బెల్లము, వేయించిన వేరుశనగ గుండ్లు, కాచి చల్లార్చిన నీళ్లు తప్పక ఉంటాయి. ఆ పూటకైతే చింతపండు పులిహోర. కూర కలిపిన అన్నము, ఉడికించిన గుడ్లు ఎండకు త్వరగా పాడవుతాయి గనుక పట్టుకెళ్లను.

ప్రభువు తన వారిని గ్రామాలకు పంపినప్పుడు, చేరిన ఇంట పెట్టినది తినుమని చెప్పిన సంగతి లూకా సువార్త 10వ అధ్యాయములో ఉన్నది. ఆ మాట మీద ఎన్నో ప్రసంగాలు చేశాను. పెట్టే చేతిని కాదంటే ఆ ఇంటివారికి ఎంత నొప్పి కలుగుతుందో మాత్రము ఆ గుమ్మములోనే నేర్చుకున్నాను. నేడు ఆకలి లేకున్నా, ఎవరింట అడుగుపెట్టినా ఒక ముంత అంబలి నేనే అడిగి తాగుతాను.

తల్లులారా, మీ ఇంటి నుండి దూరపు పనికి వెళ్లేవారి సంచిలో ఒక బెల్లపు ముక్క వేయండి. మీ గుమ్మములోకి వచ్చిన బాటసారిని కూడా మరువకండి.