టిఫిన్ క్యారియర్‌లో కార్బురేటర్

సెప్టెంబర్ మొదటి శనివారం. కర్నూలు బస్టాండ్‌లో కడప బస్సెక్కా. ఒళ్లో మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్. టికెట్ కొడుతూ కండక్టర్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏమప్పా, పెట్రోల్ వాసన వస్తాండాదే?"

మూత తీసి చూపించా. పై గిన్నెలో కార్బురేటర్, కింది గిన్నెల్లో స్క్రూలు, జెట్లు. "చుక్క పెట్రోల్ లేదన్నా, ఆరబెట్టినా. రిపేరుకి పోతాండా."

"దీనికోసం కడప దాకానా!" అనుకుంటూ వెళ్లిపోయాడు.

బండి మా తాతది. ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ కిందే గేర్ రాడ్. ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో తయారుచేసేవాళ్లు, దానికే తర్వాత పద్మిని అని పేరు పెట్టారు. ముంబై నలుపు-పసుపు టాక్సీలు గుర్తున్నాయా? అవే. 2023 అక్టోబర్‌తో అక్కడ కూడా వాటి కథ ముగిసింది. మాది నాలుగేళ్లుగా షెడ్డులోనే ఉంది. పదిహేనేళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్ చేయించాలి, బండిని ఆర్టీవోకి చూపించాలి. మా గడువు అక్టోబర్. "ఆయుధపూజ లోపల స్టార్ట్ కాకుంటే కిలోల లెక్కన ఇచ్చేస్తా" అని నాన్న తేల్చేశాడు.

స్టార్ట్ చేస్తే నల్ల పొగ. ప్లగ్గులు మసి. కార్బురేటర్ పైనుంచి పెట్రోల్ కారుతోంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. లాగ్స్ చదివి బగ్ పట్టుకునే అలవాటు. దీనికి లాగ్స్ ఎక్కడివి? నీడిల్ వాల్వ్ పోయిందని నేనే తీర్పు చెప్పేసి ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించా. త్రెడ్డే పట్టలేదు. రెండోది పట్టింది కానీ కారడం ఆగలేదు. బళ్లారి చౌరస్తా దగ్గర ఒక మెకానిక్ "అన్నా, స్కానర్ పెట్టే బండ్లయితే చేస్తాం" అని నిజాయితీగా చెప్పాడు. పక్కనున్న పెద్దాయన మాత్రం "కడపలో ఏడు రోడ్ల కాడికి పోయి అడుగు" అన్నాడు.

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, చెన్నూరు దగ్గర పెన్న. రెండు వందల కిలోమీటర్లూ క్యారియర్ పట్టుకునే కూర్చున్నా.

ఆ షాపు రెండు బారల వెడల్పు ఉంటుందేమో. అందరూ ఆయన్ని చాచా అంటున్నారు, నేనూ అదే అన్నా. వర్క్ టేబుల్ అంటూ లేదు, పాలిష్ పట్టిన కడప నాపరాయి ఒకటి. చాచా నా కొత్త వాల్వ్‌ని చూడనే లేదు. లోపలున్న ఇత్తడి ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపి నా చేతికిచ్చాడు. ఊపితే లోపల గలగల.

పక్క టీ కొట్టు నుంచి వేడినీళ్లు తెప్పించి అందులో ముంచాడు. అతుకు దగ్గర్నుంచి సన్నగా బుడగలు!

"పెట్రోల్ తాగి ఇది మునుగుతాంటే, వాల్వ్ యాడ మూసుకుంటాది నాయనా?"

నెల రోజుల నా డీబగ్గింగ్ అంతా ఆ ఒక్క ముక్కతో పోయింది.

లోపలి పెట్రోల్ అంతా తీసి, ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాకే టంకం వేశాడు. బరువు పెరిగితే పెట్రోల్ లెవెల్ మారిపోతుందట, అందుకని ఎక్కువైన టంకాన్ని ఆకురాయితో గీకేశాడు. వంకరపోయిన పైమూతని నాపరాయి మీద ఎమరీ పేపర్ పరిచి రుద్దాడు. బండ అంత చదునుగా ఉంటుంది మరి. తర్వాత మెయిన్ జెట్. దాని మీది నంబర్ అంటే రంధ్రం కొలత, మిల్లీమీటర్‌లో నూరోవంతుల లెక్క. మాదాని నంబర్ ఒకటి, రంధ్రం ఇంకొకటి. ఎవరో ఎప్పుడో తీగతో పొడిచి వెడల్పు చేశారు. చాచా ఒక బిస్కెట్ డబ్బా బోర్లించి, కుప్పలోంచి సరైనది వెతికి తీశాడు.

పంపు డయాఫ్రమ్ మాత్రం ఆ డబ్బాలో లేదు. చెన్నై పుదుపేటకి ఫోన్ చేసి, "ఇప్పటి పెట్రోల్‌కి తట్టుకునే రబ్బరు పంపించు" అన్నాడు. ఇప్పటి పెట్రోల్‌లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరుకి అది పడదు. మూడు రోజుల్లో బస్సు పార్సిల్‌లో వచ్చింది.

"ఈ డబ్బా ఎవరికిస్తావ్ చాచా?" అని అడిగా.

"మావాడు ఏసీ రిపేర్లు చేస్తాండాడు. నేను పోయినాక ఇత్తడి రేటుకి అమ్మేస్తాడు."

నాన్న మాటే గుర్తొచ్చింది. ఫోన్‌లో షీట్ ఓపెన్ చేసి ఒక్కో జెట్ ఫొటో తీశా. నంబర్ నేను చదువుతుంటే ఏ బండిదో ఆయన చెప్పాడు. అంబాసిడర్‌వి, జీపువి, మారుతి 800వి... చీకటి పడేసరికి అరవై మూడు అయ్యాయి. డబ్బా సగం కూడా కాలేదు. ఆ రాత్రి ఎర్రకారం దోశ చాచానే తినిపించాడు.

కారు స్టార్ట్ అయింది. ఆయుధపూజకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నాన్నే కొండారెడ్డి బురుజు దాకా నడిపాడు. మధ్యాహ్నం ఎండలో ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి ఇంకా మొరాయిస్తోంది. అదీ చాచాని అడగాలి.

ఈ శనివారం మళ్లీ కడపే. మిగతా సగం డబ్బా రాయాలి. చాచా కోసం అమ్మ ఉగ్గాని చేస్తానంది. ఆ క్యారియర్‌ని చింతపండుతో మూడుసార్లు తోమింది, వాసన పోలేదట. కొత్తది కొంటోంది.