ఒక్క అడుగు వెనక్కి

మా అన్నయ్య కొడుకు కార్నెల్ యూనివర్సిటీలో ఎమ్మెస్ పూర్తిచేశాడు. స్నాతకోత్సవానికి వాళ్ల అమ్మానాన్నలతో పాటు నేనూ బయల్దేరాను. న్యూయార్క్ నుంచి కారులో నాలుగైదు గంటలు ప్రయాణం చేస్తే ఇథాకా అనే చిన్న ఊరు వస్తుంది. కింద కయూగా సరస్సు, పైన కొండమీద యూనివర్సిటీ. క్యాంపస్ మధ్యలోంచే లోయలు, జలపాతాలు. అది మే నెలాఖరు. మన దగ్గర రోహిణి కార్తె ఎండలకి రోళ్లు పగులుతుంటే, అక్కడ నేను సాయంత్రమయ్యేసరికి స్వెట్టర్ వెతుక్కుంటున్నాను.

రెండోరోజు అన్నయ్యావాళ్లు అలసిపోయి పడుకుంటే, మావాడూ నేనూ నడకకి బయల్దేరాం. గంటల టవరు చూశాం, సరస్సు చూశాం. కాస్త ముందుకెళ్లాక రాతిగోడలతో, బురుజులతో ఒక పెద్ద భవనం కనబడింది.

"అదేంట్రా, కోటలా ఉంది?"

"బార్టన్ హాల్ బాబాయ్. లోపల రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. క్యాంపస్ పోలీసుల ఆఫీసు కూడా ఇందులోనే. కానీ బయటి ప్రపంచంలో చాలామందికి ఇది ఒక్క రాత్రి వల్లే తెలుసు."

తలుపు తీసే ఉంది. లోపలికెళ్లాం. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి సైనిక కవాతుల కోసం కట్టిన హాలట. మధ్యలో స్తంభాల్లేవు. తల వెనక్కి వాల్చి చూస్తే ఎక్కడో పైన ఇనుప దూలాల కప్పు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ట్రాక్ మీద పరుగెడుతున్నారు. వాళ్ల బూట్ల చప్పుడు కప్పుకి తగిలి మళ్లీ మన దగ్గరికొస్తోంది.

1977 మే 8, ఆదివారం. ఆ రాత్రి ఇక్కడ 'గ్రేట్‌ఫుల్ డెడ్' అనే రాక్ బ్యాండ్ కచేరీ చేసింది. మే నెలలో కూడా ఆ రాత్రి ఇథాకాలో మంచు కురిసిందట. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ బ్యాండ్, ముఖ్య గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లో పోయేదాకా ముప్ఫై ఏళ్లలో రెండువేల మూడొందలకు పైగా కచేరీలు చేసింది. ఒక రోజు పాడిన వరసలో మరో రోజు పాడరు. ఒకే పాట ఒక రాత్రి ఐదు నిమిషాలు సాగితే, ఇంకో రాత్రి ఇరవై నిమిషాలు. అంచేత అభిమానులకి ప్రతి కచేరీ కావాల్సిందే. ఆ రాత్రిది విన్నాం కదా, ఈ రాత్రిది ఎందుకులే అనుకోరు.

కావాలంటే ఎలా? వాళ్లే రికార్డు చేసుకునేవాళ్లు. మైకులూ బ్యాటరీతో నడిచే టేప్ డెక్కులూ హాల్లోకి తెచ్చుకుని, జనం మధ్యలోనే కచేరీ అంతా పట్టుకునేవాళ్లు. పక్కవాళ్ల మాటలు పడకుండా కొందరు మైకుని పొడవాటి కర్రకి కట్టి తలల పైకెత్తేవాళ్లట. క్యాసెట్ ఒక వైపు నలభై ఐదు నిమిషాలే. పాట మధ్యలో అయిపోతే గబగబా తిప్పాలి. ఆ తిప్పేలోపు పోయిన పాట పోయినట్టే. మిగతా బ్యాండ్లు టేప్ రికార్డర్ కనబడితే గుంజుకుంటుంటే, వీళ్లు మాత్రం చూసీచూడనట్టు వదిలేశారు. మేం వాయించేశాం, ఇక అది మీదే అన్నది గార్సియా ధోరణి. 1984లో అయితే రికార్డు చేసుకునేవాళ్లకి ప్రత్యేకంగా టిక్కెట్లిచ్చి, సౌండ్ బోర్డు వెనకాల చోటు కూడా కేటాయించారు. షరతు ఒక్కటే, ఆ క్యాసెట్లని అమ్మకూడదు. ఖాళీ క్యాసెట్లూ తిరుగు పోస్టేజీ పంపితే, అవతలివాళ్లు కాపీ చేసి పంపేవాళ్లు. కాపీకి కాపీ తీసినకొద్దీ సుయ్‌మనే రొద పెరిగేది. పాటల లిస్టు రాసిచ్చి రికార్డింగ్ షాపులో క్యాసెట్ నింపించుకున్న తరం వాణ్ని, ఆ రొద నాకు కొత్తేం కాదు.

"ఈ హాలు కచేరీకి అంత పేరెందుకు వచ్చిందిరా?" అన్నాను.

అసలు పేరు తెచ్చింది వేరే టేపు. బ్యాండ్‌తో పనిచేసిన బెట్టీ కాంటర్ అనే సౌండ్ ఇంజినీరు వేదిక మీది మైకుల నుంచి నేరుగా తీసుకున్న రికార్డింగ్ అది. ఆమె టేపులు 1986లో, గోదాము అద్దె కట్టలేదని వేలంలో పోయాయి. అక్కణ్నుంచి చేతులు మారి అభిమానుల్లోకి వచ్చాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ కచేరీని 2011 సంవత్సరపు జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. 2017లో అధికారికంగా విడుదలైంది. 2023లో, సరిగ్గా అదే మే 8న, ఆ బ్యాండ్‌లో మిగిలినవాళ్లలో కొందరు కొత్త బృందంతో మళ్లీ ఇదే హాల్లో వాయించారు. ఇంత మంచి కచేరీ నిజంగా జరగనేలేదు, ఇదంతా సీఐఏ అల్లిన కట్టుకథ అని అభిమానుల మధ్య ఒక హాస్యం కూడా ఉందట.

"రెండూ విను బాబాయ్" అని మావాడు ఫోనుకి ఇయర్‌ఫోన్లు తగిలించి ఇచ్చాడు. గోడవారన కూర్చున్నాం. ముందు బెట్టీ టేపు పెట్టాడు. అద్దంలా ఉంది. ఏ గిటారు ఎవరిదో వేలుపెట్టి చూపించొచ్చు. నాకు రాక్ సంగీతం తెలీదు, అయినా బాగుందనిపించింది.

తరవాత జనంలోంచి తీసింది పెట్టాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇలాంటివి వేలకొద్దీ ఉన్నాయి. 2005లో వచ్చిన గొడవ తరవాత, బోర్డు నుంచి తీసినవి వినడానికి మాత్రమే ఇచ్చి, జనం తీసినవి దించుకోవడానికి కూడా వదిలేశారు.

మొదట విసుగొచ్చింది. చప్పట్లు, ఈలలు, ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్న గొణుగుడు. పాట దూరంగా, తెర వెనకాల జరుగుతున్నట్టుంది. రెండు నిమిషాలయ్యాక ఎందుకో తల పైకెత్తాను. చెవుల్లో మోగుతున్నది ఈ కప్పే! పిల్లల బూట్ల చప్పుడు ఇందాక ఎలా తిరిగొచ్చిందో, ఆ చప్పట్లూ అలాగే తిరిగొస్తున్నాయి. బెట్టీ టేపులో బ్యాండ్ ఉంది. ఇందులో హాలుంది, హాలు నిండా జనం ఉన్నారు.

ఒకచోట పాట ఇంకా మొదలుకాలేదు. వేదిక మీంచి గిటారిస్టు బాబ్ వియర్ ఏదో చెబుతున్నాడు. ముందున్నవాళ్లు నలిగిపోతున్నారు, అందరూ ఒక్క అడుగు వెనక్కి వేయండని బతిమాలుతున్నాడు. దానికీ జనం గోల చేస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎందుకో గొంతు పట్టేసింది.

మాది తెనాలి పక్కన పల్లెటూరు. శివరాత్రి తిరనాళ్లకి ఏటా నాటకం ఆడించేవాళ్లు. ఒక ఏడు హరిశ్చంద్ర వేశారు. మా నాన్న టేప్ రికార్డర్ ఒళ్లో పెట్టుకుని, ముందువరస చాప మీద కూర్చుని కాటిసీను మొత్తం ఎక్కించాడు. క్యాసెట్‌కి వెనకవైపున్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొడితే దానిమీద మళ్లీ రికార్డవ్వదు. నాన్న వాటిని విరగ్గొట్టే దాచుకున్నాడు. ఇంటర్ చదివే రోజుల్లో నేను ఆ కన్నాల్లో కాగితం ఉండలు కుక్కి, సినిమా పాటలు ఎక్కించేశాను. తెలిశాక నాన్న తిట్టలేదు. "పోన్లేరా, మళ్లీ ఏడు ఆడతారుగా" అన్నాడు. ఆడారు. కానీ అది ఆ రాత్రి ఆట కాదుగా.

తిరిగొచ్చాక ట్రంకుపెట్టె వెతికితే క్యాసెట్ దొరికింది. పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆయన విజయవాడలో ఉంటే తీసుకెళ్లాను. రెండోవైపు చివర్లో నా సినిమా పాటలు కాస్త ముందే అయిపోయాయి. టక్కుమని ఒక శబ్దం, ఆ తరవాత మూడు నిమిషాలు నాటకం మిగిలుంది. పద్యం చివరి రాగం, చప్పట్లు, "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని కేకలు, పిల్లాడి ఏడుపు. హార్మోనియం మళ్లీ అందుకుంది. అప్పుడు మైకుకి బాగా దగ్గరగా, విసుగూ నవ్వూ కలిసిన గొంతు వినబడింది. "కూర్చోండయ్యా బాబూ, వెనక ఆడవాళ్లకి కనపడొద్దూ!"

పద్యం మొదలవుతుండగా టేపు అయిపోయింది.

ఆ మూడు నిమిషాలూ మావాడికి పంపాను. వాడు పుట్టకముందే పోయాడు మా నాన్న. ఇంట్లో ఫొటోలే తప్ప వాడు ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. ఇథాకాలో అప్పుడు అర్ధరాత్రి దాటి ఉంటుంది. అయినా ఐదు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఆ కూర్చోమన్నది తాతయ్యేనా?"

అవునన్నాను. ఇంకోసారి వింటానని పెట్టేశాడు.