ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం

మా చిన్నప్పుడు పరీక్ష పాసవడమంటే పేపర్లో నంబరు పడటం. మార్కుల సంగతి తర్వాత. పొద్దున్నే పేపరు కొన్నవాడి చుట్టూ పదిమంది మూగేవాళ్లు. ఫస్టు క్లాసు అంకెలు, సెకండు క్లాసు అంకెలు, ఆ కింద థర్డు క్లాసు అంకెలు. వేలు పెట్టి వెతుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుంటూ "నీ నంబరెంతరా?" అనేవాడు. చెప్పక తప్పేది కాదు. పాసైతే సికింద్రాబాద్ మోండా మార్కెట్లో కూరలమ్మే ఆవిడకి కూడా మధ్యాహ్నానికల్లా తెలిసిపోయేది. తప్పితే ఇంకా ముందే తెలిసేది.

ఇప్పుడు ఇంటర్ రిజల్ట్స్ ఫోన్లోకి వచ్చినా ఆ అలవాటు పోలేదు. "హాల్‌టికెట్ నంబరు పంపవే, నేను చూస్తా" అంటూ విజయవాడ నుంచి మేనత్త, డల్లాస్ నుంచి పెదనాన్న కొడుకు. ర్యాంకులైతే సరేసరి, కాలేజీలవాళ్లే మొదటి పేజీలో ఫొటోలేసి ఊరంతా చాటిస్తారు. మన ఎదురుచూపుల్లో ఏకాంతమనేది ఎన్నడూ లేదు. దానికి విసుక్కున్నవాడినే నేనూ. ఈమధ్య మాత్రం అదొక సుఖమేమో అనిపిస్తోంది.

మొన్న డిసెంబరులో వెస్ట్ మారేడ్‌పల్లిలో మా అన్నయ్య కూతురింట్లో మరో రకం ఎదురుచూపు చూశాను. ఆవిడ కూతురు పన్నెండో తరగతి. అమెరికాలో పేరు మోసిన ఒక యూనివర్సిటీకి 'ఎర్లీ'లో అప్లయ్ చేసింది. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. నాకే ఒట్టేయించుకుని చెప్పారు. దిష్టి తగులుతుందని వాళ్లమ్మ భయం. రాకపోతే నలుగురూ నవ్వుతారని వాళ్ల నాన్న భయం, కానీ ఆయన దానికి 'ప్రైవసీ' అని పేరు పెట్టాడు.

ఈ ఎర్లీ అనేదాని కథ కొంచెం చెప్పాలి. నవంబరు మొదట్లో అప్లికేషన్ పంపితే డిసెంబరు మధ్యలో జవాబొస్తుంది. ఇందులో రెండు జాతులు. ఎర్లీ యాక్షన్ అయితే వాళ్లు ముందే చెప్తారు, చేరడం మానడం మన ఇష్టం. ఎర్లీ డెసిషన్ అలా కాదు. ఇలా ఒక్క చోటికే పంపాలి. సీటిస్తే చేరి తీరతానని పిల్లా, తల్లిదండ్రుల్లో ఒకరూ, స్కూలు కౌన్సెలరూ సంతకాలు పెట్టాలి. సీటొచ్చాక మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి.

వెనకటికి పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ఉప్మా తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అని లేచేవాళ్లు. పోస్టు కోసం ఆడపిల్లవాళ్లు గుమ్మంలో కాచుక్కూర్చునేవాళ్లు. ఎర్లీ డెసిషన్‌లో దానికి తోడు ఇంకో మెలిక: ఆ ఉత్తరం వచ్చేదాకా మీరు వేరే సంబంధం ఖాయం చేసుకోకూడదు, సరేనని రాస్తే లాంఛనాలెంతని బేరమాడకుండా ముహూర్తం పెట్టేయాలి. వాళ్లు మాత్రం ఎన్ని ఇళ్లలోనైనా ఉప్మా తినొచ్చు. ఆర్థిక సాయం చాలకపోతే మాట వెనక్కి తీసుకోవచ్చన్న వెసులుబాటు ఒకటి ఉంది గానీ, నాలుగు కాలేజీలు ఎంతెంత సాయమిస్తాయో పోల్చి చూసుకునే అవకాశం మొదట్లోనే పోతుంది. అప్పు చేసి పంపే ఇంటికి అది చిన్న నష్టం కాదు.

కాలేజీలకి దీనివల్ల ఒరిగేదేమిటంటే, సీటిచ్చినవాళ్లలో ఎందరు నిజంగా చేరతారో ముందే లెక్క తేలిపోతుంది. ఎర్లీలో అప్లయ్ చేయడం 1600 మార్కుల శాట్‌లో ఇంచుమించు ఒక వంద మార్కులు ఎక్కువ తెచ్చుకున్నంత పెట్టని 2003లో హార్వర్డ్ ప్రెస్ వేసిన 'ది ఎర్లీ అడ్మిషన్స్ గేమ్' అనే పుస్తకం తేల్చింది. ఇది ఉన్నవాళ్ల పిల్లలకే కలిసొస్తోందని 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ ఎర్లీని ఎత్తేస్తున్నామని ప్రకటించాయి. మిగతా పెద్ద కాలేజీల్లో చాలామటుకు వాటి వెంట నడవలేదు. 2011లో ఆ రెండూ కూడా తలుపులు మళ్లీ తెరిచాయి. నీతికి ఒంటరిగా నిలబడే ఓపిక ఐదేళ్లు ఉంది, అదీ తక్కువేం కాదు.

ఈ ఎదురుచూపులో అసలు బాధ సీటు రావడమా రాకపోవడమా అన్నది కాదని నాకనిపిస్తుంది. ఐఐటీ రాకపోతే ఎందుకు రాలేదో తెలుస్తుంది. ఎన్ని మార్కులు తగ్గాయో కాయితం మీద ఉంటుంది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల ఐఐటీ ఎంట్రన్స్ తప్పి మణిపాల్‌లో చేరాడు. ఈ సంగతి ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఓదార్పుకి సిద్ధంగా పెట్టుకుంటారు. అమెరికావాళ్లు నంబరివ్వరు. మార్కులు, ఎస్సేలు, టీచర్ల సిఫారసులు, ఏ క్లబ్బులో ఏం చేశావన్నది, అన్నీ కలిపి చదివి అవునో కాదో అంటారు. కారణం చెప్పరు. 2024లో చేరిన బ్యాచ్‌కి హార్వర్డ్ అప్లయ్ చేసినవాళ్లలో వందకి నలుగురికి కూడా సీటివ్వలేదు. మిగిలిన తొంభై ఆరుగురూ తమలో లోపమేమిటని ఎవరికి వారు వెతుక్కోవాలి. పదిహేడేళ్ల వయసులో అలా వెతుక్కోవడం మొదలెడితే ఏదో ఒకటి దొరక్కపోదు.

చెప్పుకుంటే కొంత తీరేది. మా తరంలో ఎమ్మెస్‌కి అప్లయ్ చేసినవాళ్ల గుట్టంతా పోస్ట్‌మన్ చేతిలో ఉండేది. పల్చటి కవరైతే లేదని, లావు కవరైతే వీసాకి కావాల్సిన ఐ-20 అని ఆయనకే ముందు తెలిసేది. 2008 నుంచి 2023 దాకా అమెరికన్ కాన్సులేట్ ఇక్కడే బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. ఫైళ్లు గుండెకి హత్తుకుని బయట నిలబడ్డ పిల్లలు, వాళ్లతో వచ్చిన తల్లిదండ్రులు, లోపల్నుంచి ఎవరు బయటికొచ్చినా మొహం చూసి ఫలితం చెప్పేసే ఆటోవాళ్లు. ముక్కూ మొహం తెలియనివాళ్లు "నెక్స్ట్ టైమ్ వస్తుంది లెండి" అనేవాళ్లు. కాన్సులేట్ నానక్‌రాంగూడకి వెళ్లిపోయింది. అడ్మిషన్ పాస్‌వర్డున్న పోర్టల్లోకి వెళ్లిపోయింది.

మొక్కు దగ్గర కూడా గుట్టే. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకోవాలి, తీరాక నూటెనిమిది చేయాలి. కానీ చిలుకూరులో తిరుగుతూ ఎవరికైనా కనబడితే 'అమెరికాకా?' అని కనిపెట్టేస్తారు. అందుకని మా అమ్మాయి, అంటే అన్నయ్య కూతురు, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి గణపతి గుడికి వెళ్లొచ్చింది. అక్కడికి వచ్చే జనాన్ని చూసి ఎవరి కోరిక ఏమిటో వినాయకుడు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

పిల్ల దిగులు చూడలేక నేనూ ఒక కథ చెప్పాను. సికింద్రాబాద్ నుంచి అమెరికా అడ్మిషన్ కథల్లో ఇంతకన్నా పాతది నాకు తెలియదు. వివేకానందుడు 1893 ఫిబ్రవరి 13న మన మహబూబ్ కాలేజీలో, తాను పాశ్చాత్య దేశాలకి ఎందుకు వెళ్లదలచుకున్నాడో చెప్తూ ఉపన్యసించాడు. మే 31న బొంబాయిలో ఓడెక్కాడు. జూలై నెలాఖరుకి షికాగో చేరాక తెలిసిందేమిటంటే, తాను వెళ్లిన సర్వమత మహాసభ సెప్టెంబరులో గానీ లేదు, గుర్తింపున్న సంస్థ యోగ్యతా పత్రం లేందే ప్రతినిధిగా తీసుకోరు, పేర్లిచ్చే గడువు కూడా అయిపోయింది. చేతిలో డబ్బు కరిగిపోతోంది. షికాగోలో ఖర్చు భరించలేక బోస్టన్ వైపు వెళ్లాడు. అక్కడ హార్వర్డ్‌లో గ్రీకు చెప్పే ప్రొఫెసర్ జాన్ హెన్రీ రైట్ పరిచయమై, ఆయన సిఫారసు లేఖ రాసిస్తే సెప్టెంబరు 11న వేదికెక్కాడు. "చూశావా, శాట్ లేదు, ఎస్సే లేదు, గడువు దాటింది, ఒక్క ఎల్ఓఆర్‌తో పనైపోయింది" అన్నాను.

"అప్పుడు కాంపిటీషన్ తక్కువ, చిన్నతాతా" అంది.

ఫలితం అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడింటికి. మనకి మర్నాడు తెల్లవారి ఐదున్నర. ఆ రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను, పడుకోవడమంటే నడుం వాల్చడమే. తలుపేసుకుని ఒక్కతే చూసుకుంటానంది పిల్ల. హాల్లో మేము ముగ్గురం ఫ్యాను కూడా ఆపేసి కూర్చున్నాం. తలుపు తీసింది.

"డిఫర్ చేశారు."

"అంటే ఏమిటి బాబాయ్?" అని వాళ్లమ్మ నన్నడిగింది, అమెరికా అడ్మిషన్లు నేనే చూస్తున్నట్టు. అవునూ కాదూ రెండూ కాదు, మార్చిలో మిగతావాళ్లతో కలిపి మళ్లీ చూస్తారు, సంతకం పెట్టిన కట్టుబాటు మాత్రం తీరిపోయింది అని పిల్లే వివరించింది. ఏడవలేదు. ఏడవడానికి తీరికెక్కడిది? మిగతా కాలేజీల్లో చాలావాటికి గడువు జనవరి మొదటి వారమే. ఒక్కోదానికి "మా కాలేజీయే ఎందుకు?" అంటూ విడిగా ఇంకో ఎస్సే. మొన్నటిదాకా ఒక్కరి మీదే మనసంతా అని సంతకం పెట్టిన పిల్ల, మర్నాటి నుంచి వరసగా పది చోట్ల అదే మాట రాయాలి.

ఏడింటికి మా అమ్మాయి పాల ప్యాకెట్లు తీసుకోవడానికి తలుపు తీస్తే, ఎదుటి ఫ్లాటావిడ కూడా అప్పుడే తీసింది. ఇద్దరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. "మీ ఇంట్లో కూడా ఐదింటికే లైటు వెలుగుతోందేమిటండీ?" అని ఆవిడ అడిగింది. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లబ్బాయిదీ ఎర్లీయే. అదే యూనివర్సిటీ. వాడికి రాలేదు. మూడు నెలలుగా లిఫ్టులో కలిసినప్పుడల్లా ఇద్దరు తల్లులూ ఎండల గురించి, పనిమనిషి గురించి మాట్లాడుకుంటూ వచ్చారన్నమాట.

ఆ మధ్యాహ్నం నుంచి ఆ రెండు ఇళ్ల తలుపులూ వేసింది లేదు. పిల్లలిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి ఎస్సే ఒకరు దిద్దుకుంటున్నారు. తల్లులు అడ్మిషన్ కన్సల్టెంట్లకి ఎవరెంత పోశారో చెప్పుకుంటున్నారు. మొదటి రోజు ఇద్దరూ తక్కువే చెప్పారు. సంక్రాంతి నాటికి అసలు అంకెలు బయటికొచ్చాయి. మావాళ్లు ఎక్కువ కట్టారట. మా అమ్మాయి ఇప్పుడు దాని గురించి బాధపడుతోంది.