కలివికోడి - కాలువ

తరగతిలో చప్పట్లు కొట్టించుకోవడం ఉపన్యాసకునికి కష్టమైన పని కాదు. కొన్నేళ్ళ క్రిందట ఒకనాడు నేనూ కొట్టించుకున్నాను. ఆ చప్పట్లకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ రోజు పాఠం ప్రబంధాలలోని ప్రకృతి వర్ణన. హంసలు, చిలుకలు, చకోరాలు అయిపోయిన తరువాత బద్వేలు ప్రాంతపు రైతుబిడ్డ ఒకడు లేచి, "సార్, మా పక్క ఒక పిట్ట కోసం కాలువ పని ఆపినారంట గదా! పిట్ట గొప్పదా, మనిషి గొప్పోడా?" అని అడిగాడు. "మనిషే" అన్నాను. వెన్నెల త్రాగే చకోరాన్ని చూసి మురిసే తీరిక దప్పికగొన్నవానికి ఉండదని కూడ అన్నాను. తరగతి మారుమ్రోగింది. అభ్యుదయవాదిగా నా కర్తవ్యం నెరవేర్చానన్న తృప్తితో హాజరు పుస్తకం చంకన పెట్టుకొని బయటికి వచ్చాను.

ఆ పిట్ట కలివికోడి. దానిని గూర్చి అప్పటికి నాకు తెలిసింది పేరు ఒక్కటే. తెలియని విషయంపై తీర్పు చెప్పడం పండితులకు కొత్త గాదు గాని, ఈ తీర్పు మాత్రం నన్ను వదలలేదు. చదవడం మొదలుపెట్టాను.

1848లో జెర్డాన్ అనే కంపెనీ సైన్యపు వైద్యుడు ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషులో ఆయన పేరే దానికి నిలిచిపోయింది. 1900 తరువాత అది ఎవరికీ కనిపించలేదని, అంతరించి ఉంటుందని పుస్తకాలకు ఎక్కింది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల ప్రాంతాన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. అయితే పిట్టను పట్టి ఇచ్చినవాడు ఆ ఊళ్ళ వేటగాడు.

"ఎవరికీ కనిపించలేదు" అన్న మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. ఇది రాత్రి తిరిగే పక్షి. కలివిపొదల నడుమ నడుస్తుంది గనుక అక్కడి జనం దానికి కలివికోడి అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టినవాడు చూడకుండా పెట్టడు గదా! అంటే, కనిపించనిది పుస్తకాలు వ్రాసేవారికి మాత్రమే. చదువుకున్నవాడు ఎరుగనిది లోకంలో లేనట్లేనని అనుకోవడం మన వర్గానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. నేను పాఠం చెప్పే ప్రబంధాలలోనూ కలివికోడి లేదు. రాజోద్యానంలోకి రాని పక్షికి మన కావ్యంలో చోటు ఎక్కడిది?

ఆ పొదల నేలకు దస్త్రాలలో మరొక పేరున్నది: బంజరు. పన్ను రాబట్టలేని భూమినంతా పనికిరాని భూమిగా లెక్కకట్టింది తెల్లదొరల రెవెన్యూ విధానం. దొరలు పోయినా మాట పోలేదు. పనికిరాని నేల అన్న తరువాత దానిని యంత్రాలతో చదును చేసినా, దాని నడుమ కాలువ తవ్వినా అడిగేవాడు ఉండడు. గొర్రెకు మేతను, పేదదాని పొయ్యికి కట్టెను, కలివికోడికి ఇంటిని ఇచ్చే నేల ఎవరి లెక్క ప్రకారం పనికిరానిది?

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పక్షి తిరిగే పొదలలోకి చొచ్చుకొచ్చింది. వివాదం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం దాకా వెళ్ళింది. చివరకు ఏమైంది? కాలువ మార్గాన్ని మార్చారు. అంటే మరొక మార్గం ఉన్నది! కాగితంపై మొదటి గీత గీసిన నాడే ఆ పొదలలో ఏమున్నదో అక్కడివారిని అడిగివుంటే, పిట్టను, రైతును ఎదురెదురుగా నిలబెట్టవలసిన అగత్యమే ఉండేది కాదు. రాయలసీమ చేలకు నీరు, మద్రాసు నగరానికి 15 టీఎంసీలు ఇవ్వడానికి తలపెట్టిన కాలువ అవసరాన్ని కరువు నెరిగిన వాడెవడూ కాదనడు. కాని "పిట్టా, మనిషా?" అన్న ప్రశ్న రైతుబిడ్డ నోట పలికినా రైతు ప్రశ్న కాదు. గీత గీసినవారి పొరపాటును కప్పిపుచ్చే ప్రశ్న అది. నేను దానికి చప్పట్లు కొట్టించాను.

నిరుడు వేసవిలో లంకమల వైపు వెళ్ళినప్పుడు ఒక ముసలి గొర్రెల కాపరితో మాట కలిసింది. "పొద్దు గూకినాక కాసేపే కూస్తాది నాయనా, మల్ల నోరెత్తదు" అన్నాడు. కాసేపాగి, "గొర్రెలు తోలొద్దంటారు, కొమ్మ కొట్టొద్దంటారు. మేం ముట్టకుంటే పొద బలిసి మూసుకపోతాది. అది నడిచేదానికి సందు యాడుంటాది?" అన్నాడు.

ముసలాయన మాటను సొంత లాభం కోసం చెప్పిన మాటగా కొట్టిపారేసేవాడినే. కాని మెత్తని మట్టి పరచి అడుగుజాడలు చూసి, కెమెరాలు అమర్చి శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన తేల్చిందీ ఇంచుమించు అదే: మరీ దట్టమూ కాని, మరీ పలచనా కాని పొదలే ఆ పక్షికి కావాలి. మంద మితిమీరితే పొద మాయమవుతుంది. మనిషిని పూర్తిగా తరిమేస్తే పొద మూసుకుపోవచ్చు. ఆ మితం ఎంతో నిర్ణయించడానికి శాస్త్రజ్ఞుని కొలతా కావాలి, కాపరి అనుభవమూ కావాలి. ఒకటి చాలదు.

1972 నాటి వన్యప్రాణి చట్టం లేకపోతే ఈపాటికి మిగిలేది తక్కువే; దానిని తేలిక చేయను. కాని కంచె, జరిమానా తప్ప వేరే సాధనం ఎరుగని సంరక్షణ కాపరిని నేరస్థుడిగా నిలబెడుతుంది. నేరస్థుడైన నాడు అతడు పిట్ట జాడ చెప్పడు. గ్రామసభ సమ్మతి లేనిదే వన్యప్రాణుల పేర ఎవరినీ తరలించరాదని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెప్పింది. ఆ సమ్మతి అన్న మాటలోనే అసలు మార్గమున్నది. అడవిలో బ్రతికేవాడు సంరక్షణకు అడ్డు కాదు, అందులో భాగస్వామి అని మనం ముందు ఒప్పుకోవాలి.

నన్ను ప్రశ్నించిన విద్యార్థి చదువు ముగించుకొని వెళ్ళిపోయాడు. నా తప్పు అతనికి చెప్పుకొనే అవకాశం కలగలేదు. అతని ప్రశ్నను కొంచెం మార్చి ఇప్పటి తరగతులకు ఇస్తున్నాను: కాలువ గీత ఎవరు గీశారు? పొదల నడుమ దారి ఎవరికి తెలుసు? ఆ ఇద్దరినీ ఒకచోట ఎందుకు కూర్చోబెట్టలేదు?

చప్పట్లు రావడం లేదు. గంట కొట్టిన తరువాత కూడ వాదన సాగుతున్నది.