సుంకరి ముందర

మా అమ్మ తన జీవితంలో రెండుసార్లు విమానం ఎక్కింది. రెండుసార్లూ బ్యాంకాకుకే. మా చెల్లెలి భర్తకు ఆ ఊళ్ళో ఉద్యోగం. 2003లో వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మనుమరాలిని చూడాలని అమ్మ, ఆమెకు తోడుగా నేను, హోసూరు నుండి బస్సులో చెన్నై చేరి అక్కడ విమానం ఎక్కాము. (అమ్మకు అది ఎప్పటికీ మద్రాసే.)

పోయేటప్పుడు మమ్మల్ని ఎవరూ సుంకం అడగలేదు. అడగలేదంటే లేదని కాదు. 1979 ఆర్థిక చట్టంతో మన దేశంలో విదేశీ ప్రయాణ పన్ను వచ్చింది. 1990 తరువాతి కాలంలో నేపాలు, శ్రీలంక వంటి పొరుగు దేశాలకు పోయేవారు 150 రూపాయలు, తక్కిన దేశాలకు పోయేవారు మొదట 300, తరువాత 500 రూపాయలు కట్టేవారు. మేము వెళ్ళేనాటికి ఆ సొమ్ము టిక్కెట్టు ధరలోనే కలిసి ఉంది. మరుసటి ఏడు, 2004లో, ప్రభుత్వం ఆ పన్నును ఎత్తివేసింది. టిక్కెట్టు మీద పన్నుల వివరం చిన్న అక్షరాలలో అచ్చయి ఉంటుంది. నేను చదవలేదు. చదివి ఉంటే, బ్యాంకాకులో తిరిగి విమానం ఎక్కేటప్పుడు కట్టవలసిన పన్ను అందులో చేరలేదని తెలిసి ఉండేది.

నెల రోజులు ఇట్టే గడిచిపోయాయి. బయలుదేరేనాడు అమ్మ తన చేతిసంచిలో మిగిలిన థాయి నోట్లన్నీ తీసి పసిపిల్ల గుప్పిట్లో పెట్టింది. పిల్ల దగ్గర వట్టి చేతులతో సెలవు తీసుకోకూడదని ఆమె పట్టు. నా జేబులోని నోట్లను, చిల్లర నాణేలను కూడా అడిగి తీసుకొని ఉయ్యాలలో వేసింది. ఆ ఊరి డబ్బు మన ఊళ్ళో ఎందుకు పనికివస్తుందిలే అని నేనూ ఇచ్చేశాను. బావగారు మమ్మల్ని డాన్ మువాంగ్ విమానాశ్రయం వాకిట దింపి, రాత్రి పనికి వేళవుతున్నదని వెళ్ళిపోయారు.

పెట్టెలు అప్పగించాము. ఏ సీట్లో కూర్చోవాలో రాసిన చీటీలు ఇచ్చారు. ఇక పాస్‌పోర్టు తనిఖీకి పోబోతుండగా వాకిట్లో నిలబడిన అమ్మాయి ఆపి, మరొక చీటీ ఏదని అడిగింది. ప్రక్కనే ఉన్న బల్లను, దాని మీది పలకను చూపించింది. మనిషికి 500 బాత్‌లు. ఇద్దరికీ వెయ్యి. ఆనాటి లెక్కన మన డబ్బులో వెయ్యి రూపాయల పైమాటే.

నా దగ్గర ఉన్నవి ఏడు వందల రూపాయలు. మద్రాసులో దిగి హోసూరు చేరడానికి దాచుకున్నవి. డబ్బు మార్చే చోట ఒకాయన మన నోట్లను అటూ ఇటూ త్రిప్పి చూసి, తల అడ్డంగా ఊపి వెనక్కు నెట్టాడు. బావగారు ఇంకా దారిలోనే ఉంటారు. ఎక్కడికి ఫోను చేసేది? చేయడానికి నాణెం కూడా లేదు. విమానం బయలుదేరడానికి గంట లేదు.

అమ్మకు సంగతి చెప్పాను. ఆమె తిన్నగా ఆ అమ్మాయి దగ్గరకు పోయి, రెండు చేతులతో పిల్లను ఊపినట్లు ఊపి, గుప్పిట మూసి చూపించి, తన సంచి బోర్లించి చూపించింది. డబ్బంతా మనుమరాలికి ఇచ్చేశానని ఆమె చెప్పదలచింది. ఆ అమ్మాయికి అర్థమైనట్లే ఉంది. నవ్వి, చేతులు జోడించి నమస్కరించి, మళ్ళీ ఆ పలకనే చూపించింది. సుంకరి ముందర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు అని మనవాళ్ళు ఊరకే అనలేదు. అయినా ఆ పిల్లను తప్పుపట్టడానికి లేదు. అందరి దగ్గరా అడిగేదే మా దగ్గరా అడిగింది.

నాకు మాత్రం కోపం వచ్చింది. "ఉన్నదంతా ఊడ్చి ఇవ్వకపోతే ఏమి?" అని నలుగురిలో అమ్మను కసిరాను. ఆమె నావైపు చూడలేదు. మెల్లగా తన చేతి గాజును మణికట్టు దాకా లాగుతూ, "ఇది పెట్టుకుంటారేమో అడుగురా" అంది. ఆ గాజు మా అమ్మమ్మది. నాకు నోట మాట రాలేదు.

"గాజు ఎందుకు తీస్తావక్కా? దుడ్డు ఎంత కావాల?"

వెనుక వరుసలో నుండి ఒకాయన. కోయంబత్తూరు వారు. నూలు మిల్లుల యంత్రాల విడిభాగాల వ్యాపారం. తరాల క్రిందట ఆ ప్రాంతానికి వలస పోయిన కుటుంబం. ఇంట్లో మాట తెలుగే గాని చదవడం, రాయడం రాదట. వెయ్యి బాత్‌లు తీసి బల్ల మీద పెట్టి, రెండు చీటీలు మా చేతికిచ్చారు. చిరునామా అడిగితే వద్దన్నారు. అమ్మ కదలనన్నది. చివరకు నా పుస్తకంలో తమిళంలో రాసిచ్చారు. ఇల్లు చేరిన మూడో రోజున ఆ మొత్తానికి యాభై ఒక్క రూపాయలు చేర్చి మనియార్డరు పంపాము. అది వడ్డీ కాదనీ, పిల్లలకు మిఠాయికనీ రాయించింది అమ్మ.

రేవులో సుంకం మనకు కొత్త కాదు. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. గాలివానకు పగిలిన ఓడల సరుకును ఇక రాజు స్వాధీనం చేసుకోడనీ, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాడనీ వర్తకులకు అందులో అభయమిచ్చాడు. చందనానికి ఎంత, కర్పూరానికి ఎంత, ముత్యాలకు ఎంత అని వివరంగా చెక్కించాడు. అది సరుకు మీది సుంకం, మనుషుల మీదిది కాదు. అయితే ఎంత కట్టాలో ముందే రాతి మీద ఉన్నది. బ్యాంకాకులోనూ పలక ఉన్నది. నేనే చూడలేదు.

ఇప్పుడు చాలా దేశాలలో ఈ పలకలు లేవు. ఇంగ్లండులో 1994 నుండి వసూలు చేస్తున్న పన్ను విమాన సంస్థల చేతి మీదుగానే పోతుంది. ఇండోనేషియాలో 2015 దాకా రొక్కంగా కట్టించుకొని తరువాత టిక్కెట్టులో కలిపారు. జపాను 2019లో దేశం విడిచి పోయేవారి మీద 1,000 యెన్‌ల పన్ను వేసి, దానిని మొదటి నుండీ టిక్కెట్టులోనే పెట్టింది.

2009లో అమ్మ, నేను మళ్ళీ బ్యాంకాకు పోయాము. ఊరు చేరిన నాడే అమ్మ రెండు అయిదు వందల బాత్‌ల నోట్లు అడిగి తీసుకొని కొంగున ముడి వేసింది. ఉన్నన్నాళ్ళూ ఏ చీర కట్టినా ఆ ముడి అందులోకి మారేది. మనుమరాలికి ఈసారి వేరే ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కొత్త విమానాశ్రయం, సువర్ణభూమి. పాస్‌పోర్టు తనిఖీ వాకిట అమ్మ ముడి విప్పి నోట్లు చేతిలో పట్టుకొని నిలబడింది. ఎవరూ అడగలేదు.

"అడగరేమిరా?"

టిక్కెట్టు కాగితం తీసి చూపించాను. 2007 నుండి 700 బాత్‌లు చేసి టిక్కెట్టులోనే కలిపేశారని చెప్పాను.

"అయితే ఎక్కువే పోయింది" అంది అమ్మ.

"పోనీలే, తిప్పలు లేవు కదా?"

"తిప్పలు లేవు. కట్టినామని కూడా తెలియలేదు."

నోట్లు మళ్ళీ కొంగున ముడి వేసుకుంది గాని, లోపలికి రాలేదు. ప్రక్కకు తప్పుకొని, వెనుక వరుసలో వస్తున్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.

"రా అమ్మా, ఇప్పుడు ఎవరినీ అడగడం లేదు" అన్నాను.

"ఉండరా, పోదాము" అంది.