నాలుగు ఫైనళ్ళు ఓడిన మనిషి

ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆటనుకుంటూ అమెరికా వచ్చినదాన్ని నేను. చదువుకోడానికి వచ్చింది బఫలోకి. ఈ ఊళ్ళో ఎవరితో స్నేహం కుదరాలన్నా రెండు విషయాలు మాట్లాడాలి: ఒకటి మంచు, రెండోది బిల్స్ టీము. బిల్స్ గురించి ఏ కబురు మొదలైనా కాసేపటికి ఒక పేరు దగ్గరికి చేరుతుంది. మార్వ్ లీవీ.

ఆయన 1925లో షికాగోలో పుట్టారు. యుద్ధకాలంలో సైన్యంలో చేరి, తిరిగొచ్చి ఇంగ్లీషు సాహిత్యం చదివారు, హార్వర్డ్‌లో ఇంగ్లండు చరిత్రలో ఎం.ఏ. చేశారు. ఆ చదువుకి ఏ లెక్చరరో కావలసిన మనిషి కోచ్ అయ్యారు. కెనడాలో మాంట్రియల్ టీముకి 1974లోనూ 1977లోనూ గ్రే కప్ తెచ్చిపెట్టారు. తర్వాత కాన్సస్ సిటీ టీము ఐదు సీజన్లు చూసి ఉద్యోగం తీసేసింది. 1986లో, సీజన్ మధ్యలో బఫలో పిలిచేటప్పటికి ఆయనకి 61 ఏళ్ళు. అంతకుముందు 1984, 1985 సీజన్లలో బిల్స్ గెలిచింది పదహారేసి ఆటల్లో రెండేసి మాత్రమే.

అలాంటి టీముని ఆయన వరసగా నాలుగేళ్ళు సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళారు. నాలుగూ ఓడిపోయారు. మొదటిది 1991 జనవరిలో, టాంపాలో. న్యూయార్క్ జయంట్స్‌ది 20, బిల్స్‌ది 19. ఆట ముగిసేముందు స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి కొట్టిన బంతి కుడివైపు స్తంభం పక్కనుంచి పోయింది. దాన్ని దురదృష్టం అనుకోవచ్చు. మిగతా మూడింటికీ ఆ మాట చెల్లదు. వాషింగ్టన్‌తో 24-37, డాలస్‌తో ఒకసారి 17-52, మరోసారి 13-30. అవి తేటతెల్లంగా ఓటములే.

మా తమ్ముడు సివిల్స్ ఇంటర్వ్యూ దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాడు. మొదటిసారి చుట్టాలందరూ జాలిపడ్డారు. రెండోసారి నవ్వారు. "అంతదాకా వెళ్ళి ఏం లాభం?" అన్న మాట మా ఇంట్లో చాలాసార్లు విన్నాను. ప్రిలిమ్స్ దాటనివాళ్ళని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. బిల్స్ మీదా ఇక్కడ ఇలాంటి జోకులే. ఆ నాలుగేళ్ళూ ఫైనల్ మొహం చూడని టీములు ఎన్నో ఉన్నాయి, వాటిమీద జోకుల్లేవు.

ఈ లీగులో ఓడినవాళ్ళకి కొత్త ఆటగాళ్ళని ఎంచుకోవడంలో ముందు వరస, గెలిచినవాళ్ళకి చివరి వరస. ఫైనల్లో ఓడినా సరే, చివరినుంచి రెండో స్థానమే. పైనున్నవాళ్ళని కిందికి దించడానికే పెట్టిన నియమం ఇది. అయినా వరసగా నాలుగుసార్లు ఫైనల్ చేరిన టీము ఇప్పటిదాకా బిల్స్ ఒక్కటే. ఓడి ఇంటికొచ్చిన మనుషులనే మళ్ళీ వేసవి ఎండలో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టించాలి. ఆ పని ఆయన మూడుసార్లు చేశారు.

నార్వుడ్ సంగతే చూడండి. టాంపా నుంచి వచ్చిన మర్నాడు నయాగరా స్క్వేర్‌లో వేలమంది చేరి ఆయన పేరే పిలిచారు. ఆయన కళ్ళనీళ్ళతో మాట్లాడారు. మరుసటి సీజన్‌లోనూ బిల్స్ కిక్కర్ ఆయనే. 1993 జనవరిలో హ్యూస్టన్‌తో ఆటలో బిల్స్ 3-35తో వెనకబడింది. మొదటి క్వార్టర్‌బ్యాక్ గాయపడి బయట కూర్చుంటే, అతని బదులు ఆడిన ఫ్రాంక్ రైక్‌తో 41-38కి గెలిచింది. ఓడటం అలవాటైపోయిన టీము ఆడే ఆట కాదది.

2001లో లీవీని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. సూపర్ బౌల్ గెలవకుండానే.

మొన్న తమ్ముడు ఫోన్‌లో "ఇంకో అటెంప్ట్ ఉంది, రాయనా అక్కా?" అన్నాడు. తప్పకుండా వస్తుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మూడోసారీ రాకపోవచ్చు, వాడికి వయసూ మించిపోతోంది. "చుట్టాల కోసం మాత్రం మానకు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఫారం నింపడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చెప్పాడు.