తొలికాపు

ఇంట బీరు కాచుకొనువారు లైసెన్సు పొందవలెనను నిబంధన ఇంగ్లండులో 1880 మొదలు అమలులో ఉండెను. 1963లో దానిని తొలగించిరి. అది మొదలు వంటయింటి పొయ్యిమీద బీరు కాచుట అక్కడ బాహాటమైన వినోదమయ్యెను. కొత్తవారు సాధారణముగా డబ్బాలలో అమ్ము మాల్టుపాకముతో ఆరంభింతురు. దానిని నీట కలిపి ఈస్టు వేసిన చాలును. కొంతకాలమునకు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీగింజలనుండియే తీపి తీయవలెనను కోరిక పుట్టును. ఆ తొలికాపు తరచు అనుకొన్నట్లు కుదరదు.

కుదరలేదని మొదట చెప్పునది హైడ్రోమీటరు. మంచినీటిలో 1.000 చూపు ఆ సాధనము, కాచిన తీపినీటిలో 1.050 చూపవలసియుండగా 1.035 దగ్గర నిలిచిపోవును. అనగా చక్కెర తక్కువ అని అర్థము. కొత్తవాడు వెంటనే గింజలమ్మినవానిని నిందించును. లేదా మరుసటిసారి మరి రెండు కిలోలు పోయ నిశ్చయించుకొనును. ఈ రెండింటివలనను అతడు నేర్చుకొనునది ఏమియు లేదు.

మొట్టమొదట సందేహింపవలసినది కొలతనే. 20 డిగ్రీల ద్రవమునకై ఏర్పరచిన హైడ్రోమీటరును 60 డిగ్రీల ద్రవములో ముంచినచో, 1.050 ఉన్నది సుమారు 1.035గా కనబడును. దోషము బీరుది కాదు, తొందరది. తరువాత పరిమాణమును చూడవలెను. 20 లీటర్లకు దిగునట్లు మరిగింపవలసిన దానిని 25 లీటర్లవద్దనే దింపినచో 1.050 రావలసినచోట 1.040 వచ్చును. చక్కెర ఎక్కడికిని పోలేదు. నీరు మిగిలినది, అంతే.

ఈ రెండును నిర్దోషములని తేలిన పిమ్మట గింజను విచారింపవలెను. మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ మామూలు పిండితో కాచినదానికన్న పలుచనగునని దక్షిణదేశపు ఇల్లాండ్రు ఎరుగుదురు. మొలకలోని ఎంజైములు పిండిని విరుచుటయే అందులకు కారణము. బార్లీలో జరుగునదియు అదియే. 66 డిగ్రీల దగ్గర గంటసేపు నానవలెను. గింజ పగులక మిగిలినచో నీరు లోనికి చొరదు. మెత్తని పిండియైనచో పొట్టు చిరిగి వడపోత నిలిచిపోవును. చల్లని గింజ నీటి వేడిని లాగుకొనును గనుక నీరు 72 డిగ్రీల దగ్గర ఉండగా కలుపుదురు. వేడి 70 డిగ్రీలు దాటినచో చక్కెర చేయు ఎంజైములలో ముఖ్యమైనది త్వరగా నశించును; ఈస్టు తినలేని పదార్థము మిగిలి, బీరు పులియుట నడుమనే ఆగిపోవును. చెంచాడు ద్రవములో వేసిన అయొడిన్ చుక్క నీలినలుపుగా మారినచో పిండి ఇంకను మిగిలియున్నదని తెలియును. బైకార్బొనేటు హెచ్చుగాగల నీరు కూడ ఎంజైముల పనికి అడ్డువచ్చును. నీటి ఆమ్లతను కొలుచు పీహెచ్ మానమును సోరెన్‌సెన్ 1909లో రూపొందించినది కోపెన్‌హేగెనులోని కార్ల్స్‌బెర్గు ప్రయోగశాలలోనే. నానవేసిన గింజకు ఆ మానముపై 5.2 మొదలు 5.6 వరకు అనుకూలము.

బీరు చెడుటను దురదృష్టముగా తలచినవారికి 1876లో పాస్తూరు తన గ్రంథమున బదులు చెప్పెను: చెడిన బీరులో అక్కరలేని సూక్ష్మజీవులు ఉండును. కారణము లేని దోషము లేదన్నమాట. కాని కారణము తనంత తాను బయటపడదు. గింజల తూకము, నీటి వేడి, పట్టిన కాలము, వచ్చిన కొలత కాగితముమీద ఉన్నవానికే అది దొరకును.

అందుచేత రెండవసారి కాచునపుడు ఒక్కదానినే మార్చవలెను. మూడింటిని ఒకేసారి మార్చి మంచి బీరు సాధించినవానికి ఏది దానిని బాగుచేసినదో తెలియదు. మూడవసారి అది మరల చెడినచో అతడు మొదటి గడపకే తిరిగివచ్చును. లెక్క వ్రాయకుండ కుదిరిన తొలికాపు ఒక విధముగా నష్టమే, దానిని మరల చేయుట సాధ్యము కాదు గనుక. కొలతలు వ్రాసియుంచిన పలుచని బీరును మిత్రులు ఎట్లో త్రాగివేయుదురు. దానివెంట వచ్చిన తెలివి మాత్రము కాచినవానికి మిగులును.